తక్కెడ కింద చింతపండు

జూన్ 9

డిసెంబరులో నాకు అరవై నిండుతాయి. ఆ సందర్భంగా నా పేరిట సింపోజియం పెడతారట. మా వృత్తిలో ఇదొక ఆచారం. మనిషి ఇంకా బతికుండగానే శిష్యులూ స్నేహితులూ వేదికెక్కి, పోయినవాడి గురించి చెప్పేంత మంచి చెబుతారు. చేతన్ పూనుకున్నాడు. నా దగ్గరే పీహెచ్‌డీ చేశాడు, ఇప్పుడు ఊళ్ళోనే ఇంకో సంస్థలో అసిస్టెంట్ ప్రొఫెసరు. "ఇట్లాంటివన్నీ ఎందుకప్పా" అన్నాను. అన్నాక, నిజంగానే మానేస్తాడేమోనని భయం వేసింది. మానలేదు. మంచివాడు.

ఇంటికొచ్చి మునిలక్ష్మికి చెప్పాను.

"అంటే షష్టిపూర్తి ఆడనే చేసేస్తారా? ఇంట్లో వద్దా?" అంది.

నా భార్యకు దేన్నయినా ఒక్క మాటతో చిన్నది చేసే విద్య ఉంది. పెళ్ళయినప్పటినుంచి చూస్తున్నాను, ఏ కాలేజీలో నేర్చుకుందో తెలియదు.

జూన్ 12

సింపోజియం కరపత్రానికి నా పరిశోధన గురించి నాలుగు వాక్యాలు కావాలని మా సంస్థ ప్రచార విభాగం అమ్మాయి ఫోన్ చేసింది. "సామాన్యులకు అర్థమయ్యేలా ఉండాలి సార్" అంది. సామాన్యులకు అర్థమయ్యేదైతే ఇన్నేళ్ళు నేనెందుకు తల బద్దలుకొట్టుకున్నాను? అయినా రాసిచ్చాను.

"ఒక అణువు ఇంకో అణువుగా మారాలంటే మధ్యలో ఒక గట్టు దాటాలి. ఆ గట్టు ఎంత ఎత్తో తెలిస్తే ఆ మార్పు ఎంత వేగంగా జరుగుతుందో తెలుస్తుంది. పరీక్షనాళిక ముట్టుకోకుండా, కేవలం లెక్కతో ఆ ఎత్తు చెప్పడం ప్రొఫెసర్ మోహన్‌కుమార్ వృత్తి. పాత లెక్కకు ఆయన జోడించిన చిన్న మార్పును ప్రపంచమంతా మోహన్ సవరణ అంటుంది."

ప్రపంచమంతా అన్నది కొంచెం ఎక్కువే. కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు.

జూన్ 17

చైత్ర వచ్చింది. ఇప్పుడు నా దగ్గర మిగిలిన పీహెచ్‌డీ విద్యార్థి ఆమె ఒక్కతే. థీసిస్ చివరికొచ్చింది. దేవనహళ్ళి పక్క పల్లెలో రైతు బిడ్డ, బయట కన్నడమైనా ఇంట్లో తెలుగు. అందుకే మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకుంటాం. ఎప్పటిలాగే నా గది గుమ్మం బయట చెప్పులు విప్పింది. ఇది గుడి కాదమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా విప్పుతుంది. నిజం చెప్పాలంటే, విప్పడం నాకు బాగానే ఉంటుంది.

"సార్, ఒక డౌట్ ఉండాది."

"థీసిస్ రాసేటప్పుడు డౌట్లు రాకూడదమ్మా. వస్తే మొదటి ఏడాదిలో రావాల."

నవ్వలేదు. లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది. మా ప్రోగ్రాము. ఎలక్ట్రాన్లు ఒకదాన్నుంచి ఒకటి తప్పుకుని తిరగడం వల్ల తగ్గే శక్తిని కలిపే చోటు.

"ఈ టర్మ్ ఇక్కడ యాడ్ అయితా ఉండాది సార్. మళ్ళీ కింద, ఈ లూపులో, ఇంకోసారి యాడ్ అయితా ఉండాది."

"రెండూ వేరే వేరే."

"నేనూ అట్లే అనుకొంటిని సార్. చేత్తో రాసి చూస్తిని. రెండూ ఒకటే."

చూశాను. ఒకటే.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కింది వరుస తీసేసి, నా సవరణ కూడా తీసేసి, లెక్క నడిపి తెచ్చింది. గట్టు ఎత్తు సరిగ్గా ప్రయోగంలో వచ్చినంతే వచ్చింది. నా సవరణ జోడిస్తే తప్పొస్తోంది.

"అంటే సార్..." అని ఆగిపోయింది. నా ముఖం చూసి ఆగి ఉంటుంది.

ఆమె చెప్పనిది నేను ఇక్కడ రాసుకోగలను, ఇది ఎవరూ చదవరు కాబట్టి. పీహెచ్‌డీ రోజుల్లో నేను ఒకే సంఖ్యను రెండుసార్లు కలిపాను. జవాబు తప్పొచ్చింది. పాత సిద్ధాంతమే తప్పు అనుకుని, దాన్ని సరిచేయడానికి ఒక సవరణ కనిపెట్టాను. అది నా తప్పును మాత్రమే సరిచేసింది. దానికి నా పేరు పెట్టుకున్నాను.

"ఇంకొన్ని అణువుల మీద చేసి చూడు. అంతవరకు ఎవరికీ చెప్పొద్దు" అన్నాను. ఏ గైడైనా ఇదే చెబుతాడు.

జూన్ 18

ఆ వరుస నేనే రాశాను. ఏ కుర్చీలో కూర్చుని రాశానో కూడా గుర్తుంది.

జూన్ 22, ఆదివారం

మునిలక్ష్మి చారుకు చింతపండు పిసుకుతుంటే మా నాయన గుర్తుకొచ్చాడు. బళేపేటలో మాది కిరాణా అంగడి. నాయన తక్కెడకు ఒక పళ్ళెం అరిగిపోయి తేలికగా ఉండేది. దాని అడుగున చింతపండు ముద్ద అంటించేవాడు. ఒకసారి కింద కూర్చుని ఆడుకుంటూ అది చూశాను. "నాయనా, ఇది మోసం కదా?" అన్నాను.

"రెండు పక్కలా సమంగా నిలిచినాక మోసమేముండాదిరా? పీకేస్తే అప్పుడు మోసం" అన్నాడు.

ఇవాళ ఆ మాట ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. నా లెక్క కూడా అంతే కదా. జవాబు సరిగ్గానే వచ్చింది. ఎవరికీ నష్టం కలగలేదు. ఇన్నేళ్ళు సమంగా నిలిచిన తక్కెడను పట్టుకుని, దీని కింద చింతపండు ఉందని అరవడం వల్ల ఎవరికి లాభం?

మునిలక్ష్మికి చెప్పాను. లెక్క సంగతి కాదు, చింతపండు సంగతి.

"పెండ్లయిన కొత్తలోనే చెప్పినారు ఇది" అంది. "అప్పుడు చెప్తా చెప్తా ఎంత నవ్వినారో. ఇప్పుడేమి ముఖం అట్ల పెట్టుకొన్నారు?"

జులై 15

చైత్ర మళ్ళీ వచ్చింది. చెప్పిన అణువులన్నీ చేసింది, చెప్పనివి కూడా చేసింది. అన్నిటా అదే కథ. పట్టుకున్నదాన్ని వదలని రకం. నేనే అలా తయారుచేశాను.

దానితో పాటు ఇంకో వార్త. జర్మనీలో మంచి గ్రూపులో పోస్ట్‌డాక్ ఉద్యోగం వచ్చిందట. ఆ ప్రొఫెసరు నాకు బాగా తెలుసు, ఆమె గురించి నేనే రాశాను. ఈ ఏడాది ముగిసేలోగా థీసిస్ సమర్పించాలి, లేకపోతే ఆ స్థానం ఇంకొకరికి పోతుంది. థీసిస్ సమర్పించాలంటే గైడు సంతకం కావాలి.

"మా నాయన ఊరంతా చెప్పేసినాడు సార్" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "సార్, ఈ డబుల్ కౌంటింగ్ సంగతి థీసిస్‌లో ఎట్ల రాయాల?" అంది.

"సింపోజియం కానీ. తర్వాత చూస్తాం."

"సింపోజియం డిసెంబరులో కదా సార్."

"డిసెంబరు ఈ ఏడాదిలోనే వస్తుందమ్మా" అన్నాను.

జులై 16

మా ప్రోగ్రాములో ఒక లోపం ఉంది. అంతే. లోపం లేని ప్రోగ్రాము ఎక్కడుంది?

ఆగస్టు 5

సింపోజియం పనులన్నీ చైత్రకు అప్పగించాను. అతిథుల గదులు, కార్లు, బ్యాడ్జీలు, భోజనం. బాధ్యత నేర్చుకుంటుంది. ఊరికే ఉంటే బుర్ర అక్కర్లేని వైపు పోతుంది.

ఆగస్టు 21

డిపార్టుమెంటు సెమినారులో చైత్ర ఒక ప్రశ్న అడిగింది. మంచి ప్రశ్నే. "ముందు నీ థీసిస్‌లో కామాలు సరిగ్గా పెట్టుకోమ్మా, తర్వాత ఇతరుల తప్పులు పట్టుదువు" అన్నాను. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

ఎందుకన్నానో తెలియదు.

తెలుసు.

సెప్టెంబరు 11

జపాన్ నుంచి మెయిలు. ఒక గ్రూపు వాళ్ళు సొంతంగా ప్రోగ్రాము రాసుకున్నారట, మేము ఈ మధ్య ప్రచురించిన సంఖ్యలు అందులో రావడం లేదట. చాలా మర్యాదగా రాశారు. "మా పొరపాటే అయి ఉండవచ్చు, దయచేసి మీ ప్రోగ్రామును పంపగలరా?" అని. జపాన్ వాళ్ళ మర్యాద చూసి మెయిలు మూసేశాను.

ప్రోగ్రాము నేను ఎవరికీ ఇచ్చింది లేదు. అదే నా పద్ధతి. ఎవరికైనా నా సవరణతో లెక్క కావాలంటే వాళ్ళ అణువు నాకు పంపుతారు, మేము లెక్క వేసి పంపుతాం, పేపరులో నా పేరు చేరుస్తారు. నా పేపర్లలో సగం అలా వచ్చినవే. ఇది తెలివైన పద్ధతి అని చేతన్ ఎప్పుడూ అంటాడు.

చేతన్‌కు ఫోన్ చేశాను.

సెప్టెంబరు 13

చేతన్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ళ ఇంటి దగ్గర దర్శిని హోటలుకు తీసుకెళ్ళాడు. నిలబడి కాఫీ తాగాం. చుట్టూ స్టార్టప్ పిల్లలు, మెడలో ట్యాగులు. నేను చెప్పింది విన్నాడు. ముఖంలో ఏమీ మారలేదు. అతని ఉద్యోగం, ప్రాజెక్టు, అన్నీ నా సవరణ మీదే నిలబడ్డాయి. నాకంటే ఎక్కువ భయపడాల్సింది అతనే.

"సార్, టెన్షన్ పడొద్దు. హ్యాండిల్ చేయొచ్చు. ఒరిజినల్ ఫోర్‌ట్రాన్ వెర్షన్ ఎవరి దగ్గరన్నా ఉండాదా?"

"పాత సర్వరులో ఉండె. దాన్ని తుక్కు కింద తీసేసినారు."

"జపాన్ వాళ్ళు చెక్ చేసింది రీసెంట్ నంబర్లే కదా. అవి కొత్త వెర్షన్‌లో రన్ చేసినవి. కొత్త లాంగ్వేజ్‌లోకి కన్వర్ట్ చేసింది ఎవరు?"

"చైత్ర. మొదటి ఏడాదిలో."

కాఫీ లోటా బల్ల మీద పెట్టాడు. "చూడండి మరి" అన్నాడు.

అంతే. దారిలో క్రికెట్ గురించి మాట్లాడాడు.

సెప్టెంబరు 14

కొత్త ప్రోగ్రాము చైత్ర చేతుల మీదుగానే వచ్చింది. ఇది అబద్ధం కాదు.

సెప్టెంబరు 15

ఆమె మార్చేటప్పుడు ఏమేమి జరిగిందో నేను పక్కన కూర్చుని చూడలేదు. ఇదీ అబద్ధం కాదు.

అక్టోబరు 8

చైత్రతో మాట్లాడాను. ఒక తండ్రి బిడ్డతో మాట్లాడినట్టే మాట్లాడాను. తలుపు వేయమన్నాను.

"ప్రోగ్రామును కొత్త భాషలోకి మార్చింది నువ్వే కదమ్మా."

"అవును సార్. లైను లైను అట్లే మార్చినా."

"మార్చేటప్పుడు మనిషన్నాక..."

"ఏదీ చేర్చలేదు సార్. అది పాత దాంట్లోనే ఉన్నింది. మీరు కూడా చూస్తిరి కదా."

"పాతది ఇప్పుడు ఎక్కడ ఉండాది?"

ఒళ్ళోని లాప్‌టాప్ మూసింది.

"చూడమ్మా. చిన్నదానివి. నీ పేరు మీద ఒక బగ్ ఉంటే రేపటికి మరిచిపోతారు. నా పేరు మీద ఉంటే నాతో పనిచేసినోళ్ళంతా మునుగుతారు. చేతన్ మునుగుతాడు, నువ్వూ మునుగుతావు. మునిగినోడు రాసిన సిఫారసును జర్మనీలో ఎవరు నమ్ముతారు?"

ఆమె కాలి వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. నాకు చికాకు వేసింది. తప్పు పట్టుకొచ్చిన రోజు ఇంత బెదురు ఎక్కడికి పోయింది?

"నేను ఏమి చేయాల సార్?"

"ఏమీ చేయొద్దు. సింపోజియంలో చేతన్ మాట్లాడతాడు. నువ్వు కాదనకుండా ఉంటే చాలు. అది కాగానే నీ థీసిస్ మీద సంతకం పెడతా."

తల ఊపింది. బయటికి వెళ్ళి చెప్పులు తొడుక్కునేటప్పుడు గోడ పట్టుకుని నిలబడింది. మళ్ళీ లోపలికి తొంగి చూసింది.

"సార్, మా నాయన ఫంక్షన్‌కు వస్తానంటా ఉండాడు. రావొద్దని చెప్పేదా?"

"రానీ అమ్మా. నాకూ ఆయన్ను చూడాలని ఉండాది" అన్నాను. నిజంగానే అన్నాను.

అక్టోబరు 9

జపాన్‌కు జవాబు రాశాను. "కోడ్ మార్పిడి సమయంలో ఒక విద్యార్థి వల్ల జరిగిన పొరపాటు మా దృష్టికి వచ్చింది. సరిచేస్తున్నాం. ధన్యవాదాలు." వాళ్ళు ఎంత మర్యాదగా రాశారో నేనూ అంతే మర్యాదగా రాశాను.

నవంబరు 18

వాన వదలడం లేదు. పొద్దున సింపోజియం ప్రసంగం రాయడానికి కూర్చుంటే, నాకే తెలియకుండా నిజం రాశాను. నా తప్పును నేనెలా చేశానో, ఒక పల్లె పిల్ల దాన్ని ఎలా పట్టుకుందో, అంతా. చాలా బాగా వచ్చింది. చివరి పేరా చదువుతుంటే నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. రెండుసార్లు పైకి చదువుకున్నాను.

తర్వాత చించేశాను. కానీ మనసు తేలికపడింది. అంత మంచి ప్రసంగం రాయగలిగిన మనిషి చెడ్డవాడు కాలేడు.

నవంబరు 26

చేతన్ తన ప్రసంగం స్లైడ్లు పంపాడు. శీర్షిక "రెండో తరం మోహన్ సవరణ". తప్పు తీసేస్తే సవరణతో పనే లేదు కదా అనుకున్నాను. చేతన్ ఇంకో చోట ఇంకేదో సర్ది, చిన్నదే అయినా ఒక సవరణ మిగిలేలా చేశాడు. పని పోయినా పేరు ఉంది.

చైత్ర వేదిక మీది పూల గురించి అడిగింది. చేమంతులా, గులాబీలా అని. చేమంతులన్నాను.

డిసెంబరు 12

అయిపోయింది. ఎంత బాగా జరిగిందో మాటల్లో చెప్పలేను. హాలు నిండింది. శాలువా కప్పారు, తలకు మైసూరు పేటా తలపాగా పెట్టారు. మా నాయన ఉండి ఉంటే, అంగడి మూసేసి వచ్చేవాడు. మునిలక్ష్మి ముందు వరుసలో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఎవరు ఏ హాస్యం చెప్పినా నవ్వలేదు, ఇంగ్లీషు బాగానే వచ్చినా.

భోజనానికి ముందు చేతన్ మాట్లాడాడు. మధ్యలో ఆగి, "ఈ మధ్య మా కోడ్ మార్పిడిలో ఒక పొరపాటు దొర్లింది. సైన్సులో అలాంటివి దాచుకోకూడదని మాకు నేర్పింది సారే. ఆ పొరపాటు చేసిన చైత్రే స్వయంగా దాన్ని పట్టుకుంది కూడా. చైత్రా, ఒకసారి నిలబడు" అన్నాడు ఇంగ్లీషులో.

నిలబడింది. బ్యాడ్జీల పెట్టె ఇంకా చేతిలోనే ఉంది.

నేను మైకు తీసుకుని, "తప్పు చేయని విద్యార్థిని నేనింతవరకు చూడలేదు. నేను కూడా ఒకప్పుడు విద్యార్థినే" అన్నాను. పెద్దమనసు అని అందరూ చప్పట్లు కొట్టారు.

వెనక వరుసలో ఒక మనిషి లేచి నిలబడి అందరికంటే గట్టిగా కొట్టాడు. తెల్ల చొక్కా, మడతలు ఇంకా పోలేదు. చైత్ర తండ్రి అంజినప్ప. ఇంగ్లీషు రాదు. కూతురి పేరు పిలిచారు, కూతురు నిలబడింది, హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయనకు అర్థమైంది అంతే. చైత్ర వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. కూర్చోమని చెయ్యి ఊపింది. తననే పలకరిస్తోందనుకుని ఆయన కూడా చెయ్యి ఊపాడు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకు రాకూడదు?

భోజనాల దగ్గర చేతన్ ఆయనకు తెలుగులో విడమరిచి చెప్పాడట. చెప్పాలని ఎవరూ అడగలేదు. సాయంత్రం నేను కారెక్కబోతుంటే అంజినప్ప వచ్చాడు. భుజం మీద గోనెసంచి.

"సార్, మా బిడ్డ మీ లెక్క చెడిపిందంట గదా. నాకు తెలీక చప్పట్లు కొడితిని. సదువు రానోణ్ణి, మన్నించాల."

"అయ్యో, అదేం లేదప్పా. పిల్లలు కదా."

"ఇంకొకరైతే తరిమేసి ఉందురంట. ఆ సారు చెప్పినాడు. మీరు కాబట్టి కడుపులో పెట్టుకొన్నారంట." సంచి నా కాళ్ళ దగ్గర దించాడు, నిండా పంపరపనసలు. "మా తోటలో చకోత కాయలు సార్. దేవనహళ్ళి చకోత అంటే మీకు తెలిసిందే కదా. ఇంకేమి ఇయ్యగలను."

నేను పట్టుకునేలోగానే వంగి నా కాళ్ళు ముట్టుకున్నాడు. చైత్ర పక్కనే ఉంది. "నాయనా, లెయ్యి" అంది. లేవలేదు. "నువ్వూ మొక్కు" అన్నాడు తలెత్తకుండా.

మొక్కింది.

డిసెంబరు 13

ఇంటి నిండా చకోత వాసన. మునిలక్ష్మి సంచి విప్పి కాయలన్నీ అటక కింద వరసగా పేర్చింది. ఒక్కటీ కోయలేదు. ఏమని అడిగితే "మీకు కావాలంటే మీరు కోసుకోండి" అంది.

డిసెంబరు 16

చైత్ర థీసిస్ తెచ్చింది. అట్ట కూడా వేయించింది. సంతకం పెట్టే పుట తెరిచి, పక్కన పెన్ను పెట్టింది.

పెన్ను తీసుకున్నాను. తీసుకున్నాక ఆలోచన వచ్చింది. ఇందులోని లెక్కలన్నీ ఆ తప్పు ఉన్న వెర్షన్‌లో చేసినవే కదా. ఆ తప్పు సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. నిండు సభలో చెప్పాం. తప్పు లెక్కలున్న థీసిస్ మీద నేను ఎలా సంతకం పెట్టగలను? బయటి పరీక్షకులు ఏమంటారు? ముందు తోచనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"ఈ చాప్టర్లన్నీ కొత్త వెర్షన్‌తో మళ్ళీ చేయాలమ్మా."

"సార్, సరి చేసిన నంబర్లు నా దగ్గర ఉండాయి. జులైలోనే చేసి ఇస్తిని కదా."

"అవి రెండో తరం సవరణతో చేసినవి కాదు."

"ఆ సవరణ అక్కర్లేదు సార్. మీకు తెలుసు."

"నాకేమి తెలుసో నువ్వు చెప్పొద్దు."

గొంతు పెంచాను. పెంచాల్సింది కాదు. "ఒక ఏడాది పడుతుంది, అంతే. మన పని పద్ధతిగా ఉండాల" అన్నాను, నెమ్మదిగా.

"ఈ నెలలో సబ్మిట్ చేయకపోతే జర్మనీ పోతుంది సార్. మీరు మాట ఇస్తిరి."

"మాట కోసం తప్పు థీసిస్ మీద సంతకం పెట్టమంటావా? నువ్వు మార్చేటప్పుడే జాగ్రత్తగా ఉండి ఉంటే ఈ రోజు వచ్చేదే కాదు కదమ్మా."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నా ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళలో అలా సూటిగా చూడడం ఇదే మొదలు. కోపంగా కూడా కాదు. ఒంట్లో బాగాలేని మనిషిని చూసినట్టు చూసింది.

"సార్, మీకు నిజంగానే గుర్తులేదా?"

థీసిస్ తీసుకుని వెళ్ళిపోయింది. ఏమి గుర్తుండాలో చెప్పలేదు. పెన్ను నా బల్ల మీదే మరిచిపోయింది.

డిసెంబరు 31

జర్మనీ ప్రొఫెసరు మెయిలు. చైత్ర స్థానం ఇంకొకరికి ఇచ్చారట. విచారం తెలుపుతూ జవాబు రాశాను. తెలివైన పిల్లేగానీ, కొంచెం అజాగ్రత్త అని కూడా రాశాను. అడగలేదుగానీ, నిజాయితీగా చెప్పడం నా ధర్మం.

జనవరి 9

చైత్ర పీహెచ్‌డీ మానేసింది. మాకు కాగితం పంపింది, తను రాలేదు. హెబ్బగోడిలో గది తీసుకుని, అక్కడే ఏదో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి చేరిందట. సీసాల మీద లేబుళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం. తప్పులు పట్టే పనే. ఇష్టమైన ఉద్యోగమే దొరికిందనుకుంటాను.

పాపం. మంచి పిల్ల. అంత జాగ్రత్తగా ఉండేది, ఆ తప్పు ఎలా చేసిందో అంతుపట్టదు.

జనవరి 19

అక్షర అని కొత్త విద్యార్థి చేరింది. ప్రోగ్రాము ఇచ్చి చదువుకోమన్నాను. తొందరగా ప్రశ్నలు వేసే రకంలా లేదు. నెమ్మది. బాగానే ఉంటుంది.

జనవరి 25, ఆదివారం

మధ్యాహ్నం భోజనం చేస్తుంటే మునిలక్ష్మి ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పాప నిజంగా తప్పు చేసిందా?"

చైత్ర పండగలకు మా ఇంటికి వచ్చేది. వంటింట్లో ఇద్దరూ కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. అందుకే ఈ అభిమానం.

"చేసింది. అందరిముందు చెప్పినాం కదా. ఆమె కాదని అన్నిందా?"

"ఆ పాప ఏమీ అనలేదు. సుమ్నే, ఊరకే నిలబడింది. నేను చూస్తా ఉంటిని." చారు వడ్డించింది. "జూన్ నెలలో మామ తక్కెడ సంగతి చెప్తిరి కదా, ముఖం అట్ల పెట్టుకొని. అప్పుడే నాకు అనిపించె, ఏదో ఉండాదని."

"ఏ తక్కెడ?"

"అంగడి తక్కెడ. చింతపండు."

"ఏ చింతపండు?"

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మామ పళ్ళెం కింద చింతపండు అంటిస్తా ఉన్నారంట. మీరే చెప్పినారు. పెండ్లయిన కొత్తలో ఒకసారి. మొన్న ఒకసారి. ఈ బల్ల దగ్గరే."

నేను నవ్వాను. మా నాయన ఎంత నికార్సయిన మనిషో బళేపేటలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆయన తక్కెడకు చింతపండా! "ఎవరి కథో విని మా నాయనకు అంటగడతా ఉండావు" అన్నాను. మెల్లగానే అన్నాను.

మునిలక్ష్మి తన కంచం తీసుకుని లేచింది. తర్వాత అటక కింద ఎండిపోయిన చకోతలన్నీ పాత గోనెసంచిలోకే ఎత్తి, వీధి చివర చెత్తబండికి తనే మోసుకెళ్ళింది. మంచి కాయలు కూడా కొన్ని ఉన్నాయి. ఎందుకు పారేస్తున్నావంటే నా వైపు చూసింది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు.

జరగనివి జరిగాయని అంత గట్టిగా చెబుతోందంటే నాకు దిగులుగా ఉంది. వాళ్ళమ్మకు కూడా ఈ వయసులోనే మొదలైందని గుర్తు. ఈ వారంలోనే డాక్టరుకు చూపించాలి.